సర్టిఫికెట్ ఉంది సరే, ఫోర్క్‌లిఫ్ట్ తోలడం వచ్చో రాదో తేల్చేదెలా?

మేడ్చల్_సేఫ్టీ:
అందరికీ నమస్కారం. మేడ్చల్ వైపు ఒక పెద్ద గోడౌన్‌లో ఈమధ్యే సేఫ్టీ ఆఫీసర్‌గా చేరాను. ఫోర్క్‌లిఫ్ట్‌లు ఎక్కువగా మూడు టన్నులు లేపేవి, ఆపరేటర్లంతా కాంట్రాక్టర్ మనుషులు. ఫైలు తీసి చూస్తే ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ ఉంది, ఫోటో ఉంది, స్టాంపు ఉంది. అందరిదీ ఒకే తేదీ. రాతపరీక్షలో మార్కులు కూడా ఇంచుమించు ఒకటే. అది చూసి మా మేనేజర్‌కి ధీమా, నాకు అనుమానం.

ఎందుకంటే లోపలికెళ్లి ర్యాకుల కాళ్లు చూస్తే మోకాలి ఎత్తులో సొట్టలే సొట్టలు. డాక్ (లారీలకి సరుకు ఎక్కించే అరుగు) తలుపు పక్కన గోడ పెచ్చులూడి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి యాక్సిడెంట్ రిజిస్టర్ మాత్రం శుభ్రంగా ఉంది.

అందర్నీ మళ్లీ పరీక్ష చేద్దామన్నాను. "ఏం చూసి పాస్ చేస్తావు, ఏం చూసి ఫెయిల్ చేస్తావు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పైగా డిస్పాచ్ ఆగకూడదట. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎవరు పరీక్షించాలి, ఎంతసేపు, వేటిమీద ఫెయిల్ చేయాలి?

డాలస్_గోడౌన్:
ముందు ఒక మాట బ్రదర్. మీ అనుమానమే కరెక్టు. ఇక్కడ అమెరికాలో ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన 1910.178లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. ట్రైనింగ్ మూడు భాగాలు: పాఠం, మెషిన్ మీద ప్రాక్టీసు, ఆ తర్వాత పనిచేసే చోట ఎలా నడుపుతున్నాడో చూసి ఇచ్చే తీర్పు. బయట ఎక్కడో కార్డు తెచ్చుకున్నా, మా గోడౌన్‌లో మా బండి మీద చూడకుండా పనిలో పెట్టకూడదు. ఇతను అర్హుడని రాసి పెట్టాల్సింది కూడా యజమానే. అందులో ఆపరేటర్ పేరు, ట్రైనింగ్ తేదీ, పరీక్షించిన తేదీ, ఎవరు నేర్పారో ఎవరు పరీక్షించారో ఉండాలి.

కనీసం మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి. అలాగని మూడేళ్లు ఆగక్కర్లేదు. యాక్సిడెంట్ అయినా, త్రుటిలో తప్పినా, ప్రమాదకరంగా తోలుతూ కనబడినా, వేరే రకం బండి ఇచ్చినా, గోడౌన్ లేఅవుట్ మారినా రిఫ్రెషర్ తప్పనిసరి. మీ ర్యాకుల సొట్టలు ఇక్కడైతే అందుకు చాలు.

పాత_ఆపరేటర్:
అమెరికా సంగతి బాగానే ఉంది గానీ, ఇక్కడ మాకు నేర్పినవాళ్లెవరు? హెల్పర్‌గా చేరాం, ఆపరేటర్ టీకి వెళ్లినప్పుడు ఎక్కాం, అలా వచ్చింది. నేను నేర్చుకున్నది అలాగే, మావాళ్లలో చాలామంది అంతే. అందుకే ఒకటి చెప్తా వినండి సార్. మీకు తోలడం రాకపోయినా ఫర్వాలేదు, ఏం చూడాలో తెలిస్తే చాలు.

ఒక ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పీట) తీసి ఇంకో చోట పెట్టమనండి. అంతే. తోడుగా అనుభవం ఉన్నవాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టుకోండి. తోలేవాడు సీట్లోకి ఎలా ఎక్కాడు? చెయ్యి పట్టుకోవడానికి పిడి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఎక్కాడా, స్టీరింగ్ పట్టుకుని వేలాడాడా? బెల్టు పెట్టుకున్నాడా? కదిలే ముందు వెనక్కి తిరిగి చూశాడా, లేక అద్దంలో చూసి సరిపెట్టాడా? ప్యాలెట్ ముందుకి వచ్చాక ఆగాడా? తెలిసినవాడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. ఫోర్కులు (ముందుండే రెండు ఇనుప కొమ్ములు) సమంగా ఉన్నాయో లేదో చూసుకుంటాడు, నిదానంగా లోపలికి పోనిచ్చి ఫోర్కుల వెనక నిలువుగా ఉండే చట్రానికి లోడు ఆనేదాకా తెస్తాడు. కాస్త లేపి, మాస్ట్ (ఫోర్కుల్ని లేపే నిలువు స్తంభం) వెనక్కి వంచి, మళ్లీ వెనక్కి చూసి బయటికొస్తాడు. రాగానే కిందికి దించుతాడు, జానెడు ఎత్తు చాలు. ఆ తర్వాతే మలుపు తిప్పుతాడు.

రానివాడు ఇవన్నీ ఒకేసారి చేస్తాడు. లేపుతూ, వెనక్కొస్తూ, తిప్పుతూ. చూసేవాళ్లకి అదే హీరోయిజంలా కనబడుతుంది. సూపర్‌వైజర్లు "వీడు ఫాస్ట్" అని మెచ్చుకునేది కూడా వాడినే.

కొత్తగా_వచ్చా:
అన్నా, ఫోర్క్‌లిఫ్ట్‌కి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలా? మా హెచ్ఆర్ హెవీ లైసెన్సు ఉంటేనే తీసుకుంటాం అంటోంది. ఇంకోచోట ఏ లైసెన్సూ అక్కర్లేదన్నారు.

లా_పాయింట్:
మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 2(28) చూడండి. ఫ్యాక్టరీలోనో, మరో ప్రహరీ లోపలో మాత్రమే వాడేలా తయారైన ప్రత్యేక తరహా బండి "మోటారు వాహనం" నిర్వచనంలోకి రాదు. కాబట్టి ఆవరణ లోపలే తిరిగే ఫోర్క్‌లిఫ్ట్‌కి లైసెన్సు అడగడం కంపెనీ పాలసీ. మంచి పాలసీనే, కాకపోతే లారీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఫోర్క్‌లిఫ్ట్ వచ్చినట్టు కాదు. స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు మళ్లే బండి అది, లారీ అలవాటుతో తిప్పితే తోక వెళ్లి ర్యాకుకో మనిషికో తగులుతుంది. గేటు దాటి రోడ్డెక్కిందంటే మాత్రం ఆ మినహాయింపు చూపించి తప్పించుకోలేరు. జేసీబీ లాంటివి రోడ్డు మీద తిరుగుతాయి కాబట్టి వాటికి రిజిస్ట్రేషనూ, ఆపరేటర్‌కి లైసెన్సూ ఉండాల్సిందే.

ఇక ట్రైనింగ్ ఎవరి బాధ్యత అనేది. ఫ్యాక్టరీల చట్టం 1948కి 1987లో చేసిన సవరణతో సెక్షన్ 7ఎ వచ్చింది. కార్మికులకి సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ కల్పించే బాధ్యతని నేరుగా యాజమాన్యం మీద పెట్టింది. సెక్షన్ 23 ఇంకా పాతది. ప్రమాదకరమైన మెషిన్ మీద చిన్న వయసువాళ్లని పెట్టాలంటే ముప్పు ఏమిటో పూర్తిగా చెప్పి, తగిన శిక్షణ ఇచ్చి ఉండాలి, లేదా బాగా తెలిసినవాళ్ల పర్యవేక్షణలోనైనా ఉంచాలి అని అందులో ఉండేది. "మాది గోడౌన్, ఫ్యాక్టరీ కాదు" అని మీ మేనేజర్ అనొచ్చు. 2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ పదిమందీ అంతకుమించీ పనిచేసే సంస్థలకి వర్తిస్తుంది, కాబట్టి ఆ దారి కూడా ఇప్పుడు ఇరుకే.

జగిత్యాల_టు_దమ్మామ్:
సర్టిఫికెట్ల సంగతి గల్ఫ్‌లో ఉన్నవాణ్ణి నన్నడగండి అన్నా. ఇక్కడ పెద్ద సైట్లలో థర్డ్ పార్టీ (బయటి సంస్థ పరీక్షించి ఇచ్చే) కార్డు లేనిదే గేట్లోకే రానియ్యరు. ఆపరేటర్‌కి వేరే, మెషిన్‌కి వేరే. రెండింటికీ గడువు ఉంటది, ఒక్కరోజు దాటినా మెషిన్ పక్కన పెట్టిస్తరు. అందుకే ఊర్లె ఏజెంట్లకి ఇది మంచి బేరం అయింది. "క్రేన్ ఆపరేటర్ కోర్సు, సర్టిఫికెట్ గ్యారంటీ" అని డబ్బులు గుంజి, రెండు రోజులు బండి చూపించి పంపుతరు. పోరగాడు అప్పుచేసి వస్తడు. ఇక్కడ టెస్టుల సీట్లె కూసోబెట్టంగనే దొరికిపోతడు. తర్వాత హెల్పర్ జీతం మీద రెండేండ్లు.

దానికి రివర్స్ కూడ చూసిన. మా దగ్గర ఒక పెద్దాయన, నిజామాబాద్ దిక్కు. ఏ లోడైనా పూవులెక్క దించుతడు. రాతపరీక్షల ఫెయిల్. పేపర్ ఇంగ్లిష్‌ల ఉన్నది, ఆయనకి తెలుగే సరిగ రాయరాదు. మంచి ఎగ్జామినర్ దొరికిండు కాబట్టి హిందీల నోటితోని అడిగిండు, అన్నిటికీ చెప్పిండు. అదే ఇంకొకడైతే ఇంటికి పంపుతుండె. రాతపరీక్ష చదువుకి పెట్టిన పరీక్ష అయితది, పనికి కాదు.

మేడ్చల్_సేఫ్టీ:
ఇది నాకు చాలా అవసరమైన పాయింట్. మా వాళ్లలో కొందరు బీహార్, ఒడిశా వాళ్లు, ఇద్దరికి అస్సలు చదవడం రాదు. మరి లోడ్ ప్లేటు (ఎంత బరువు లేపొచ్చో బండి మీద రాసి ఉండే రేకు) ఎలా? అది చదవలేనివాణ్ణి పాస్ చేయొచ్చా?

డాలస్_గోడౌన్:
ఓషా వాళ్లయితే శిక్షణ కార్మికుడికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో ఉండాలంటారు. అక్షరాలు రానివాడికి పుస్తకం ఇచ్చి సంతకం తీసుకుంటే శిక్షణ ఇచ్చినట్టు కాదు. నోటిపరీక్ష పెట్టండి, ఆ మాట రికార్డులో రాయండి. ప్లేటు విషయంలో మాత్రం రాజీ లేదు. అక్షరాలు రాకపోయినా అంకెలు దాదాపు అందరికీ వస్తాయి, బొమ్మ అర్థమవుతుంది.

మెషిన్_డాక్టర్:
బండ్లు రిపేరు చేసేవాడిగా ప్లేటు గురించి నేను చెప్తాను, ఇక్కడే అందరూ బోల్తా పడతారు (నిజంగానే).

ఫోర్క్‌లిఫ్ట్ అంటే ముందు చక్రాల మీద నిలబెట్టిన తక్కెడ. ఒకవైపు లోడు, ఇంకోవైపు కౌంటర్ వెయిట్ (బండి వెనక ఉండే బరువు). ప్లేటు మీద 3000 కిలోలు, 500 మిల్లీమీటర్లు అని ఉందనుకోండి. ఫోర్కుల నిలువు ముఖం నుంచి లోడు బరువు కేంద్రం 500 మి.మీ. దూరంలో ఉంటేనే ఆ మూడు టన్నులు. ఇప్పుడు 1400 మి.మీ. పొడవున్న పెట్టె వచ్చింది. దాని మధ్య భాగం 700 దగ్గర ఉంటుంది. ముందు యాక్సిల్ నుంచి ఫోర్కు ముఖానికి 450 మి.మీ. అనుకుని లెక్కేయండి: 3000ని 950తో గుణించి 1150తో భాగిస్తే సుమారు 2480 కిలోలు. అర టన్నుకి పైగా తగ్గిపోయింది. ఇది ఉజ్జాయింపు మాత్రమే, అసలు అంకె ఆ బండి ప్లేటు మీద చూసుకోవాల్సిందే. ఎత్తుకి లేపేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఫోర్కులకి సైడ్ షిఫ్టరో (ఫోర్కుల్ని పక్కకి జరిపేది), డ్రమ్ములు పట్టే క్లాంపో తగిలిస్తే పాత ప్లేటు చెల్లదు, కొత్త ప్లేటు ఉండాలి.

పరీక్షలో ఇదే అడగండి. బండి ముందు నిలబెట్టి, "ఈ పెట్టె ఇంత పొడవు, ఇంత బరువు, పై అరలో పెట్టాలి. లేపుతావా లేదా?" అని. సమాధానం కంటే ముందు వాడి కళ్లు ప్లేటు వైపు వెళ్లాయా లేదా చూడండి. చాలామంది "వెనక చక్రాలు లేస్తే తెలుస్తది సార్" అంటారు. లేవడం వరకూ వచ్చిందంటే అప్పటికే స్టీరింగ్ పోయినట్టే. కొన్నిచోట్ల వెనక ఇద్దరు హమాలీల్ని నిలబెట్టి బరువు చేస్తారు. ఆ పని చేసినవాణ్ణి ఇంక పరీక్షించక్కర్లేదు.

ఇంకోటి, రోజూ బండి తీసే ముందు చేసే చెకింగ్. అందరూ పొద్దున్నే చెక్‌లిస్టులో గబగబా టిక్కులు కొట్టేస్తారు. పరీక్ష రోజు మీరు ముందే వెళ్లి హారన్ ఫ్యూజు తీసి పెట్టండి. టిక్కు పడిందంటే ఆ చెక్‌లిస్టు విలువేంటో తెలిసిపోతుంది. ఫోర్కుల మడమ (వంపు తిరిగే చోటు) దగ్గర అరుగుదల కూడా చూపించమనండి. మందం పది శాతం అరిగితే ఆ ఫోర్కు పనికిరాదు, మార్చాల్సిందే.

కొత్తగా_వచ్చా:
అన్నా ఇంకో డౌటు. బండి పక్కకి ఒరిగితే దూకేయాలి కదా? మా సీనియర్ అదే చెప్పాడు, అందుకే బెల్టు పెట్టుకోవద్దన్నాడు.

పాత_ఆపరేటర్:
బాబూ, ఆ మాట మళ్లీ ఎవరికీ చెప్పకు. ఒరిగే బండిలోంచి దూకితే నువ్వు పడేది బండి పడే వైపే. పైన ఉన్న ఇనుప కప్పు వచ్చి నీమీద పడుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ బోల్తాల్లో మనుషులు పోయేది ఎక్కువగా ఇలాగే.

డాలస్_గోడౌన్:
నూటికి నూరుపాళ్లు. కూర్చుని నడిపే బండి అయితే: బెల్టు ఉండాలి, స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి, కాళ్లు నేలకి తన్నిపెట్టాలి, బండి పడే వైపుకి వ్యతిరేక దిశలో ఒరగాలి, ముందుకి వంగాలి. ఇది నోటితో చెప్పిస్తే సరిపోదు, ఆగి ఉన్న బండిలో కూర్చోబెట్టి చేయించండి. ఒరిగే క్షణంలో ఆలోచించే టైముండదు, చేతులకి అలవాటై ఉండాలి.

ర్యాంపు కూడా పరీక్షలో పెట్టండి. లోడుతో ఉంటే లోడు ఎప్పుడూ ఎత్తువైపే ఉండాలి. అంటే ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు రివర్స్. ఖాళీ బండికి దీనికి తలకిందులు, ఫోర్కులు పల్లంవైపు. ర్యాంపు మధ్యలో తిప్పడం అనేది అసలు లేదు. తిప్పాడంటే అక్కడికక్కడే ఫెయిల్.

విశాఖ_క్రేన్:
ఫోర్క్‌లిఫ్ట్ గురించే మాట్లాడుతున్నారు, కాస్త పక్కకి లాగుతున్నాను. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోయారు. కొత్త క్రేన్‌కి లోడ్ ట్రయల్ జరుగుతుండగా జరిగింది. ఎవరిది తప్పు అనే చర్చలోకి నేను పోను. నేను క్రేన్ పనిలో ఉన్నాను కాబట్టి దాన్నుంచి నాకు తట్టేది ఒక్కటే: మెషిన్ దగ్గర ఉండేది ఆపరేటర్ ఒక్కడే కాదు. మేము ఆపరేటర్‌ని పరీక్షిస్తాం, మరి లోడుకి స్లింగ్ (ఎత్తడానికి వేసే తాడు) కట్టే రిగ్గర్‌ని? చేత్తో సైగలిచ్చేవాణ్ణి? క్రేన్ కింద నిలబడకూడదని తెలియాల్సిన వెల్డర్‌ని?

మీ గోడౌన్‌లో కూడా అంతే. హమాలీలు, ప్యాకింగ్ ఆడవాళ్లు, బయటినుంచి వచ్చే లారీ డ్రైవర్లు. ఫోర్క్‌లిఫ్ట్ లారీలోకి ఎక్కి ఉండగా డ్రైవర్ "అయిపోయిందనుకున్నా" అని బండి ముందుకి తీస్తే మీ ఆపరేటర్ ఎంత గొప్పవాడైనా ఏం చేస్తాడు? లారీ తాళాలు డాక్ దగ్గర తీసిపెట్టుకోవడం, చక్రాలకి చెక్క అడ్డం పెట్టడం. అది చూసుకున్నాకే లారీలోకి ఎక్కే ఆపరేటర్‌కి ఎక్కువ మార్కులేయండి.

నైట్‌షిఫ్ట్:
అందరూ పగలు జరిగే సంగతి చెప్తున్నారు. రాత్రి రెండింటికి వచ్చి చూడండి. పరీక్ష పాసైన ఆపరేటర్ ఏదో మూల కునుకు తీస్తుంటాడు. తాళం బండికే ఉంటుంది. హెల్పర్ తోలుతుంటాడు. "ఒక్క ప్యాలెట్టేగా, లాగేయ్ రా" అన్నది సూపర్‌వైజరే. హెల్పర్‌కీ సరదాగానే ఉంటుంది, ఆపరేటర్ అయితే జీతం పెరుగుతుందని ఆశ. మీ ఫైల్లో పేరు ఒకరిది, సీట్లో మనిషి ఇంకొకడు.

తాళాలు ఒక్కరి దగ్గరే ఉండాలి, సంతకం పెట్టి తీసుకోవాలి. పిన్ నంబరు కొడితేనే స్టార్ట్ అయ్యే బండ్లున్నాయి, ఆ పిన్ కూడా చేతులు మారుతుందనుకోండి. కనీసం కార్డు పెడితే కొంత నయం.

హెచ్ఆర్_గొంతు:
ఇక్కడ నన్ను తిడతారేమో గానీ ఒక మాట. సేఫ్టీ వాళ్లు ఇలా ఫ్యూజులు పీకి, ఉచ్చులు పన్ని పరీక్షలు పెడితే సగం మంది ఫెయిలవుతారు. ఆ సాయంత్రం లోడింగ్ ఎవరు చేస్తారు? పండగ సీజన్‌లో ఒక్క షిఫ్టు ఆగితే ఎంత పోతుందో తెలుసా? ప్రాక్టికల్‌గా ఆలోచించండి.

పాత_ఆపరేటర్:
మేడమ్/సార్, సగం మంది ఫెయిలవుతారని మీకు ఇప్పుడే తెలుసన్నమాట. మరి ఆ సగం మంది ఈ సాయంత్రం కూడా తోలుతున్నారుగా?

జగిత్యాల_టు_దమ్మామ్:
😀 గట్టిగ తగిలింది.

లా_పాయింట్:
నవ్వుకోవడం తర్వాత. హెచ్ఆర్ గారు అడిగిన దాంట్లో అసలు ముడి ఉంది. ఫెయిలైతే ఏమవుతుంది? కాంట్రాక్టర్ వాణ్ణి మరుసటి రోజు నుంచి రావద్దంటాడు, కూలి పోతుంది. అది తెలుసు కాబట్టి పరీక్షించేవాడికి ఫెయిల్ చేయడానికి చెయ్యాడదు, రానివాడు వచ్చినట్టు నటిస్తాడు, పక్కవాడు కాపాడతాడు. చివరికి అందరికీ ఒకే మార్కులు. మేడ్చల్ గారి ఫైలు అలా తయారైందే.

కాబట్టి పరీక్షకి ముందు కాంట్రాక్టర్‌తో ఒప్పందం రాసుకోండి. ఫెయిలైనవాడికి ట్రైనింగ్ రోజులకి కూడా కూలి ఇవ్వాలి, ఆ రోజులు బండి ఎక్కకుండా వేరే పని ఇవ్వాలి, మళ్లీ పరీక్షకి అవకాశం ఉండాలి. ఆ ఖర్చు కంపెనీ భరించాలి. ఇది రాయకుండా పరీక్ష పెడితే మళ్లీ ఫైలే మిగులుతుంది.

నైట్‌షిఫ్ట్:
ఇంకోటి కలపండి. "ఇది నేను లేపను" అని ఆపరేటర్ అంటే వాణ్ణి ఎవరూ తిట్టకూడదు. పరీక్షలో కావాలనే ఎక్కువ బరువున్న లోడు పెట్టి, సూపర్‌వైజర్ చేత తొందరపెట్టించండి. కానీ ముందే ఒకణ్ణి పక్కన నిలబెట్టుకోండి, వాడు నిజంగా ఫోర్కులు పెట్టబోతే అక్కడే ఆపేయాలి. కాదన్నవాడే పాస్.

విశాఖ_క్రేన్:
ఇది బాగుంది. మా దగ్గర సీనియర్ క్రేన్ ఆపరేటర్లలో చూశాను, గాలి ఎక్కువగా ఉంటే మేనేజర్ వచ్చి నిలబడ్డా దిగి కూర్చుంటారు.

మేడ్చల్_సేఫ్టీ:
అందరికీ థ్యాంక్స్. మేనేజర్‌తో మాట్లాడాను. ఆదివారం డిస్పాచ్ తక్కువ, ఆ రోజు కొందరికి, వచ్చే ఆదివారం మిగతావాళ్లకి అన్నారు. ఫోర్క్‌లిఫ్ట్ కంపెనీ డీలర్ దగ్గర ట్రైనర్ ఉన్నాడట, ఆయన పరీక్షిస్తాడు, నేను పక్కన రాసుకుంటాను. ఒక్కొక్కరికి ముప్పావుగంట. ప్లేటు ప్రశ్న, హారన్ ఫ్యూజు, ప్యాలెట్ తీసి పెట్టడం, ర్యాంపు, లారీలోకి ఎక్కడం, బెల్టు. కావాలని పెట్టే బరువు లోడు గురించి ట్రైనర్‌ని అడిగి నిర్ణయిస్తాను.

కూలి విషయం మాత్రం ఇంకా తేలలేదు. ట్రైనింగ్ రోజులకి సగం ఇస్తానని కాంట్రాక్టర్ అంటున్నాడు. పూర్తిగా ఇవ్వకపోతే పరీక్ష మొదలుపెట్టనన్నాను. ఏమంటారో చూడాలి. నైట్ షిఫ్ట్ తాళాలు మాత్రం ఈ రాత్రి నుంచే సెక్యూరిటీ దగ్గర.

నైట్‌షిఫ్ట్:
సెక్యూరిటీ వాడికి కూడా లిస్టు ఇవ్వండి సార్, ఎవరికి ఏ బండి అని. లేకపోతే అడిగినవాడికల్లా ఇచ్చేస్తాడు.

కొత్తగా_వచ్చా:
మా గోడౌన్‌లో రీచ్ ట్రక్కులు కూడా ఉన్నాయి, నిలబడి నడిపేవి. ఫోర్క్‌లిఫ్ట్ పాసైతే అవి కూడా తోలొచ్చా?

డాలస్_గోడౌన్:
తోలకూడదు. దానికి ట్రైనింగ్ వేరే, పరీక్ష వేరే. కూర్చుని నడిపే బండి ఒరిగితే ఏం చేయాలో ఇందాక చెప్పింది దీనికి వర్తించదు కూడా. వెనకవైపు తెరిచి ఉండి నిలబడి నడిపేది ఒరిగితే వెనక్కి దిగిపోవాలి, లోపలే ఉండకూడదు. వివరాలు కావాలంటే వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, బండి మోడల్ కూడా రాయి.